ఎంతమందిని అడిగారు? ఎవరిని అడిగారు?

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యువత కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మాకిచ్చిన అంశం "పనిచేసే చోట మానసిక ఆరోగ్యం". ఈ అంశం మీద మాట్లాడేవారు మామూలుగా నిద్ర గురించి, సెలవుల గురించి, ప్రార్థన గురించి చెబుతారు. అవన్నీ అవసరమే. మేము మాత్రం ఒక లెక్క గురించి మాట్లాడదామని వచ్చాం. కంగారు పడకండి, చివర్లో పరీక్ష ఏమీ పెట్టం. కానీ ఈ లెక్కలో న్యాయం ఉంది, అన్యాయమూ ఉంది. అందుకే మా పొరపాటుతోనే మొదలుపెడతాం.

కొంతకాలం క్రితం మా సంఘంలోని యువత ఒక మంచి ఆలోచన చేశారు. సంఘస్థులు తమ ఉద్యోగాల్లో ఎంత ఒత్తిడి పడుతున్నారో తెలుసుకుందాం, దాన్నిబట్టి కౌన్సెలింగ్ ఏర్పాటు చేద్దాం అన్నారు. మేము సంతోషంగా ఒప్పుకున్నాం. గూగుల్ ఫారం తయారైంది, ఇంగ్లీషులో. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాం. వారం తిరిగేసరికి జవాబులు వచ్చాయి. వాటితో రంగురంగుల గుండ్రటి బొమ్మలు గీసి, ఆదివారం ఆరాధన అయ్యాక తెర మీద చూపించాం. మన సంఘంలో పనిచేసేవారికి ఉన్న పెద్ద బాధ రాత్రిపూట విదేశాల నుంచి వచ్చే కాల్స్, ఆ తర్వాత ట్రాఫిక్, ఆ తర్వాత మేనేజర్ అని ప్రకటించాం.

వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మ లేచింది. ఆమె పౌరకార్మికురాలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మనం నిద్రలేచేలోపు మన వీధి ఊడ్చేసే మనిషి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడుతుంది. "అయ్యగారూ, ఆ గుండ్రం బొమ్మలో మేము ఏ రంగులో ఉన్నాం?" అని అడిగింది.

ఆమె ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆమె ఏ రంగులోనూ లేదు. ఆమె ఫోనుకు ఆ ఫారం వెళ్లలేదు. వెళ్లినా చదవలేదు. చదివినా "మీ రిపోర్టింగ్ మేనేజర్ మీతో ఎలా మాట్లాడతారు?" అన్న ప్రశ్నకు తన మేస్త్రీ గురించి చెప్పాలని ఆమెకు తట్టదు. గార్మెంట్స్‌లో పనిచేసే మన చెల్లెళ్లు లేరు. సెక్యూరిటీ డ్యూటీ చేసే మన పెద్దలు లేరు. ఇళ్లలో వంట చేసే అక్కలు లేరు. కంప్యూటర్ ముందు కూర్చునేవారి బాధను "మన సంఘం బాధ" అని పేరు పెట్టి చూపించాం.

మెతుకు, కుండ

మన అమ్మమ్మలు గణాంక శాస్త్రం చదవలేదు గానీ నమూనా అంటే ఏమిటో వారికి బాగా తెలుసు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. సర్వేలన్నిటి వెనక ఉన్న సూత్రం ఇదే. అయితే మెతుకు మాట నమ్మాలంటే ఒక షరతు ఉంది. అన్నమంతా ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడకాలి. పక్క పొయ్యి మీద ఉన్న కుండ సంగతి ఈ మెతుకు చెప్పలేదు. మా ఫారం ఒక కుండలోంచి మెతుకులు తీసి, వీధిలో ఉన్న కుండలన్నిటి గురించీ తీర్పు చెప్పేసింది.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఎంతమందిని అడిగారు? ఎవరిని అడిగారు? ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మనం తరచుగా మోసపోతాం.

మొదటిది చూద్దాం. అందరి పేర్లూ చీటీల మీద రాసి, లాటరీ తీసినట్టు 100 మందిని ఎంచి అడిగామనుకోండి. వచ్చే శాతానికీ నిజానికీ మధ్య అటూ ఇటూ 10 దాకా తేడా ఉండొచ్చు. 400 మందిని అడిగితే ఆ తేడా 5కి తగ్గుతుంది. 1,600 మందిని అడిగితే రెండున్నరకు వస్తుంది. అంటే తేడా సగం కావాలంటే మనుషులు నాలుగింతలు కావాలి. ఊరి జనాభా పది లక్షలైనా, కోటి అయినా దాదాపు ఇదే లెక్క. అదే ఎనిమిది మంది ఉన్న టీములో అయితే, ఒక్కరు జవాబు మార్చుకుంటే శాతం పన్నెండున్నర మారిపోతుంది. కాబట్టి "మీ టీములో సంతృప్తి 12 శాతం పెరిగింది" అని హెచ్‌ఆర్ వారు మెయిల్ పంపితే, పెరిగింది ఒక్క మనిషి సంతోషమే కావచ్చు.

రెండో ప్రశ్నలో వచ్చే తప్పు వేరు. ఎక్కువమందిని అడిగినంత మాత్రాన అది తగ్గదు. అదే కుండలోంచి వెయ్యి మెతుకులు తీసినా పక్క కుండ మనకు తెలియదు. పైగా అంకె పెద్దదయ్యేకొద్దీ మన ధీమా కూడా పెరుగుతుంది. అందుకే ఈ రెండో తప్పు మొదటిదానికన్నా ప్రమాదం.

ఐదుగురు యువతుల గది

పనివారి మనసు గురించి చదివే శాస్త్రం మొదట్లో ఎలా ఎదిగిందో చూడండి. అమెరికాలో షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ అనే కంపెనీకి హాథార్న్ పేరుతో పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. వేలాదిమంది టెలిఫోన్ సామాన్లు తయారుచేసేవారు. 1924 నుంచి 1932 వరకు అక్కడ ప్రయోగాలు జరిగాయి. వాటిలో ఎక్కువ పేరు వచ్చింది 1927లో మొదలైన రిలే గదికి. టెలిఫోన్ రిలేలు బిగించే ఐదుగురు యువతులను, వారికి సామాను అందించే మరో యువతిని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. మధ్యలో విరామాలు ఇచ్చారు, పని గంటలు తగ్గించి చూశారు, కూలి లెక్కగట్టే పద్ధతి మార్చారు. ఉత్పత్తి పెరుగుతూ పోయింది. పనివారి మీద శ్రద్ధ చూపిస్తే, వారిని మనుషులుగా చూస్తే పని బాగుంటుంది అన్న పాఠం ఆ గది నుంచి ప్రపంచమంతా పాకింది. హార్వర్డ్ ఆచార్యుడు ఎల్టన్ మేయో దానికి పెద్ద ప్రచారం ఇచ్చాడు. ఎంబీఏ చదివిన మీ అందరి పుస్తకాల్లోనూ ఆ గది ఉంటుంది.

పాఠం మంచిదే. కానీ మెతుకులెన్ని? ఐదు. ఆ ఐదుగురిలో ఇద్దరిని, మాటలు ఎక్కువయ్యాయి, సహకరించడం లేదు అని 1928 జనవరిలో పంపేసి, వారి చోట మరో ఇద్దరిని తెచ్చారు. అంటే ఎదురు మాట్లాడినవారు నమూనాలోంచే పోయారు. అదే ఫ్యాక్టరీలో 1931, 32లలో 14 మంది మగవారిని గమనిస్తే కథ తిరగబడింది. ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గించేస్తారేమోనని వారంతా కలిసి ఇంతకు మించి చేయకూడదని హద్దు పెట్టుకున్నారు. 1967లో అలెక్స్ కేరీ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు రిలే గది తీర్మానాలకు ఆధారం చాలదని ఘాటుగా రాశాడు. అయినా పుస్తకాల్లో ఆ ఐదుగురి గదికి దక్కినంత చోటు ఈ విమర్శకు దక్కలేదు.

గదిలోంచి పంపేసిన ఆ ఇద్దరిని గుర్తుపెట్టుకోండి. ఈనాటి ఆఫీసు సర్వేల్లోనూ ఇదే జరుగుతుంది. ఉద్యోగంలో ఉన్నవారికే ఫారం వస్తుంది. భరించలేక పోయిన నెల రాజీనామా చేసినవారికి రాదు. ఎవరి జవాబు అన్నిటికన్నా ముఖ్యమో వారు అప్పటికే గేటు బయట ఉన్నారు. మిగిలినవారిని అడిగి "మా ఉద్యోగుల్లో అత్యధికులు సంతోషంగా ఉన్నారు" అంటే, అది అబద్ధం కాదు గానీ నిజమూ కాదు.

లక్షల మంది ఉన్నా

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2024 జూలైలో కర్ణాటకలో ఐటీ రంగంలో రోజుకు 14 గంటల దాకా పనిచేయించుకునే ప్రతిపాదన బయటికి వచ్చింది. ఐటీ ఉద్యోగుల సంఘం కిటు దాన్ని గట్టిగా ఎదిరించింది. మా మనసు కూడా కిటు వైపే. ఆ సంఘం అప్పట్లో చేసిన ప్రకటనలో రెండు రకాల అంకెలున్నాయి. ఒకటి, ఒక నివేదిక ప్రకారం ఐటీ ఉద్యోగుల్లో 45 శాతం మంది మానసిక సమస్యలతో ఉన్నారన్నది. రెండోది, అతిగా పనిచేయడం వల్ల వచ్చే ప్రాణాపాయం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పిన లెక్క.

మొదటి అంకె మనకు నచ్చుతుంది. మన అనుభవానికి దగ్గరగా ఉంది. కానీ మేము చదివిన వార్తల్లో ఆ 45 పక్కన ఎంతమందిని, ఎవరిని, ఎలా ఎంచి అడిగారన్న మాట లేదు. మనకు అనుకూలమైన అంకెను కూడా ఇలాగే నిలదీయాలి. లేకపోతే రేపు యాజమాన్యం "మా ఉద్యోగుల్లో 90 శాతం సంతోషంగా ఉన్నారు" అని వస్తే మనకు అడిగే నోరు ఉండదు.

రెండో అంకె వెనక చాలా శ్రమ ఉంది. 2021లో వచ్చిన అధ్యయనం అది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువని తేలింది. గుండె జబ్బుకు 37 అధ్యయనాలు, 7,68,000 మందికి పైగా మనుషులు. పక్షవాతానికి 22 అధ్యయనాలు, 8,39,000 మందికి పైగా మనుషులు. "ఎంతమంది?" అన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు దొరకడం కష్టం.

మరి "ఎవరు?" ఆ మనుషులంతా ప్రపంచ ఆరోగ్య సంస్థ విభజించిన మూడు ప్రాంతాలవారు: అమెరికా ఖండాలు, ఐరోపా, పశ్చిమ పసిఫిక్. భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం ఆ మూడింటిలో లేదు. అంటే అన్ని లక్షల మందిలోనూ మనం లేము. కాబట్టి ఆ ఫలితం మనకు వర్తించదని మేము అనడం లేదు. వారి గుండే మన గుండే ఒకటే. కానీ గంటల లెక్కే రాయని పని, వారాంతపు సెలవే లేని పని, జబ్బు చేస్తే కూలి పోయే పని చేసే మనిషికి ఆ ప్రమాదం 35 దగ్గరే ఆగుతుందా? ఆ మనిషి లెక్కలో ఉంటే గాని చెప్పలేం.

ఇంకా దగ్గరి సంగతి. మన దేశంలో మానసిక ఆరోగ్యం మీద 2015, 16లలో పెద్ద జాతీయ సర్వే జరిగింది. చేసింది మన హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్. ఇంటింటికీ వెళ్లి, పద్ధతి ప్రకారం ఎంచి, 34,802 మంది పెద్దవారిని అడిగారు. అది గౌరవించాల్సిన పని. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ 12లో కర్ణాటక లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ముందస్తు ప్రయత్నంగా మాత్రం కోలారు జిల్లాలో చేశారు. దేశానికంతటికీ నమూనా తీసేటప్పుడు కొన్ని రాష్ట్రాలు బయట ఉండక తప్పదు, అది తప్పు కాదు. కానీ దాని అంకెలు పట్టుకుని "బెంగళూరులో పనిచేసే తెలుగువారి పరిస్థితి ఇది" అని ఎవరైనా చెబితే మనం ఒక్క క్షణం ఆగాలి.

పనివాళ్లు ఎక్కడ?

2016లో మిండీ బెర్గ్‌మన్, వనెస్సా జీన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు తమ రంగాన్ని తామే ప్రశ్నించుకున్నారు. పని మనస్తత్వశాస్త్రంలో పేరున్న పత్రికలు తిరగేసి, ఎవరి మీద పరిశోధన జరుగుతోందో చూశారు. మేనేజర్లు, నెల జీతం తీసుకునే పై ఉద్యోగులు, వృత్తి నిపుణులు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉన్నారు. గంటకింత, రోజుకింత అని కూలి తీసుకునేవారు, తక్కువ నైపుణ్యం ఉన్న పనివారు, కాంట్రాక్టు పనివారు ఉండాల్సినదానికన్నా బాగా తక్కువగా ఉన్నారు. పనివాళ్లంతా ఎక్కడికి పోయారు అన్నదే వారి ప్రశ్న.

అమెరికాలోనే అలా ఉంటే మన సంగతి? కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన శ్రామిక సర్వే ప్రకారం మన దేశంలో పనిచేసేవారిలో నెల జీతం ఉన్నవారు 22 శాతం లోపే. 58 శాతం మంది సొంత పని చేసుకునేవారు, అంటే రైతులు, చిన్న దుకాణాలవారు, తోపుడు బండ్లవారు. దాదాపు 20 శాతం మంది రోజుకూలీలు. ఆఫీసుల్లో జరిగే సర్వేలన్నీ కలిపినా ఆ 22 మందిని దాటి బయటికి రావు. మిగిలిన 78 మంది మనసు సంగతి ఎవరూ అడగని సంగతి.

బెంగళూరులో అడిగిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటినీ న్యాయంగా చెప్పుకోవాలి. 2013-14లో షాహీ ఎక్స్‌పోర్ట్స్ కంపెనీకి చెందిన ఐదు గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లో అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ న్యాషధం అనే ఆర్థికవేత్తలు ఒక పరిశోధన చేశారు. నలుగురితో మాట్లాడటం, సమయం సర్దుకోవడం, సమస్యను విడమర్చి చూడటం లాంటివి నేర్పే శిక్షణ అది. శిక్షణ కావాలని సుమారు 2,700 మంది మహిళలు పేర్లు ఇచ్చారు. ఎవరికి శిక్షణ ఇవ్వాలన్నది లాటరీతో తేల్చారు. ఇది పద్ధతైన పని. మనుషులు తగినంతమంది ఉన్నారు, నిజంగా మిషన్ మీద కూర్చునే మహిళలే ఉన్నారు.

ఫలితం ఏమిటి? శిక్షణ పొందినవారి ఉత్పాదకత 13 శాతానికి పైగా పెరిగింది. పెట్టిన ఖర్చు మీద కంపెనీకి వచ్చిన లాభం, శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకే 250 శాతం దాటింది. మరి ఆ మహిళల కూలి? అర శాతం పెరిగింది. ఇది మేము తవ్వి తీసింది కాదు, పరిశోధకులే 2023లో అచ్చైన తమ వ్యాసంలో దాచకుండా రాశారు. వారి నిజాయితీని మెచ్చుకోవాలి. మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మహిళలు జవాబు చెప్పేవారిలో ఉన్నారు. ప్రశ్న వేసేవారిలో ఉంటే మొదటి ప్రశ్న ఏమై ఉండేది? "మేము ఎక్కువ కుడితే మాకేం వస్తుంది?" అని కాదా?

అదే బృందంలోని ఇద్దరు మరో పరిశోధకురాలితో కలిసి, 2016లో కర్ణాటకలో కనీస వేతనం పెంపు పనివారు ఆశించినంత రాని సమయంలో ఇంకో ప్రయోగం చేశారు. లాటరీతో ఎంచిన కొందరికి తమ అభిప్రాయం పేరు రాయకుండా చెప్పుకునే అవకాశం ఇచ్చారు. చెప్పుకున్నవారిలో పని మానేసి వెళ్లిపోవడం ఐదో వంతు తగ్గింది. మనిషిని అడగడంలో ఎంత బలం ఉందో చూడండి. అడిగితే చాలు, గుండె కొంత తేలికవుతుంది. కాపరులుగా మాకిది రోజూ తెలిసే సంగతే. కానీ జాగ్రత్త కూడా ఇక్కడే ఉంది. కూలి పెంచడం కన్నా ఫారం ఇవ్వడం చౌక. వినడం న్యాయానికి మొదటి మెట్టు కావాలి, న్యాయానికి బదులు కాకూడదు.

అదే సంవత్సరం ఏప్రిల్ 18, 19 తేదీలు గుర్తున్నాయా? భవిష్యనిధి డబ్బు తీసుకునే నిబంధనలు కేంద్రం మార్చిందని తెలిసి, గార్మెంట్స్ మహిళలు వేలాదిగా హోసూరు రోడ్డు మీదికి, నగరంలోని మిగతా రోడ్ల మీదికి వచ్చేశారు. ముందు నడిపించిన నాయకులు లేరు. రెండో రోజుకల్లా కేంద్రం ఆ మార్పును వెనక్కి తీసుకుంది. ఆ డబ్బు వారికి ముసలితనపు పొదుపు మాత్రమే కాదు. కూతురి పెళ్లి, కొడుకు ఫీజు, ఉద్యోగం పోయిన నెల అద్దె. "మీ పనితో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు, 1 నుంచి 5 వరకు చెప్పండి" అన్న ప్రశ్నకు ఈ జవాబు రాదు. అడగనిది తెలియదు, తెలియనిది ఒకరోజు రోడ్డు మీదికి వస్తుంది.

మళ్లీ వెళ్లాం

ఆ అమ్మ ప్రశ్న తర్వాత మేము నోటుపుస్తకం పట్టుకుని ఇళ్లకు వెళ్లాం. మొదటి రోజు పూర్తిగా విఫలమయ్యాం. అయ్యగారు వచ్చారని కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. "పని ఎలా ఉందమ్మా?" అంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: "దేవుని కృప వల్ల బాగానే ఉందయ్యగారూ." కాపరి ముందు కష్టం చెప్పుకుంటే దేవుని మీద సణిగినట్టు అవుతుందని వారి భయం. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉండగా ఫారం నింపితే ఏమవుతుందో, మా ముందు కూడా అదే అయింది. అడిగే మనిషిని బట్టి జవాబు మారుతుందని ఆ రోజు నేర్చుకున్నాం.

రెండోసారి మేము వెళ్లలేదు. గార్మెంట్స్‌లో పనిచేసే ఇద్దరు చెల్లెళ్లు, ఆ అమ్మ వెళ్లారు. ప్రశ్నలు కూడా వాళ్లే తయారుచేశారు. మా ఫారంలో మొదటి ప్రశ్న "మీ పని ఒత్తిడి 1 నుంచి 5 వరకు ఎంత?" వాళ్ల మొదటి ప్రశ్న "డ్యూటీలో ఉన్నప్పుడు బాత్రూమ్‌కు ఎక్కడికి వెళ్తున్నారు?" ఆ ఒక్క ప్రశ్నతో నోళ్లు తెరుచుకున్నాయి. వెళ్లడానికి చోటు లేక పొద్దున్నే నీళ్లు తాగడం మానేసినవారున్నారు. టార్గెట్ పోతుందని లైన్ మీదినుంచి లేవనివారున్నారు. హాజరు యంత్రం తమ వేలిని గుర్తుపట్టకపోతే ఆ రోజు కూలి పోతుందేమోనని రాత్రంతా భయపడేవారున్నారు. "ఒత్తిడి" అనే మాట ఒక్కరూ వాడలేదు. నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, పిల్లల మీద ఊరికే కోపం వస్తుంది అన్నారు.

వాళ్లు అడిగినవారు కొద్దిమందే. కాబట్టి "ఇంత శాతం మంది" అని మేము ఎక్కడా చెప్పం, చెప్పకూడదు. కొద్దిమంది మాట ఒక సమస్య ఉందని రుజువు చేయగలదు, అది ఎంత ఉందో చెప్పలేదు. ఎంత ఉందో తెలియాలంటే పెద్ద నమూనా కావాలి. కానీ ఏం అడగాలో తెలియాలంటే ముందు ఆ కొద్దిమంది దగ్గరే కూర్చోవాలి.

సెలోపెహాదు కుమార్తెలు

సంఖ్యాకాండము 26వ అధ్యాయంలో ఒక పెద్ద లెక్క ఉంది. ఇరవై ఏళ్లు దాటిన, యుద్ధానికి వెళ్లగల పురుషులను లెక్కపెట్టారు. మొత్తం 6,01,730 మంది. అది ఊరికే చేసిన లెక్క కాదు. దాని ప్రకారమే భూమి పంచాలి. సెలోపెహాదు అనే ఆయనకు కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్లు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. చిత్రమేమిటంటే ఆ అధ్యాయంలోనే వారి పేర్లు రాసి ఉన్నాయి. పేర్లున్నాయి గానీ లెక్కలో లేరు, అందుకే వాటా లేదు.

తర్వాతి అధ్యాయంలో ఆ ఐదుగురు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వచ్చి, మోషే ముందు, యాజకుడి ముందు, సర్వసమాజం ముందు నిలబడి తమ భాగం అడిగారు. ఆరు లక్షల మంది లెక్క ఒకవైపు, ఐదుగురి మాట ఒకవైపు. మీరు ఐదుగురే కదా, మీ నమూనా చాలదు అని మోషే వారిని పంపేయలేదు. వారి వ్యాజ్యం దేవుని ముందుకు తీసుకెళ్లాడు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు చెప్పాడు. చట్టం మారింది. ఆ ఐదుగురు ఆరు లక్షల లెక్క తప్పని అనలేదు. ఆ లెక్కలో ఎవరు లేరో చూపించారు, అంతే. లెక్కలో లేనివారికి వాటా ఉండదన్న సంగతి వారికి అందరికన్నా బాగా తెలుసు.

మన ఊళ్లోనూ అంతే. సర్వే కాగితంతో ఆగిపోదు. దాన్ని చూసే కౌన్సెలర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తారు, పని గంటల చట్టం ఎలా మార్చాలో వాదిస్తారు. 2023లో కర్ణాటక ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజుకు 12 గంటల దాకా పనికి దారి తెరిచింది. పన్నెండో గంటలో మిషన్ మీద కూర్చున్న మనిషి మనసు ఎలా ఉంటుందన్న లెక్క ఉంటే, ఆ చర్చలో మన చెల్లెళ్లకు అదొక ఆయుధమయ్యేది.

కాబట్టి ఈ సభలో ఉన్నవారికి మా మనవి ఇది. మీలో ఎంబీఏ, సైకాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ చదివేవారు ప్రాజెక్టుల కోసం స్నేహితులకే ఫారం పంపి 100 జవాబులు నింపేయకండి. నింపక తప్పకపోతే, "ఇది మా స్నేహితుల అభిప్రాయం" అని నిజాయితీగా రాయండి. ఎంతమందికి పంపారో, ఎంతమంది జవాబు ఇవ్వలేదో కూడా రాయండి. హెచ్‌ఆర్‌లో ఉన్నవారు కాంట్రాక్టు పనివారిని, హౌస్‌కీపింగ్‌వారిని, క్యాబ్ డ్రైవర్లను విడిగా ఎంచి, వారి భాషలో, వారి మేస్త్రీ లేని చోట అడిగించండి. వెయ్యి మందిలో 30 మందే ఉన్నారని వదిలేస్తే వారి మాట ఎప్పటికీ వినబడదు, ఆ 30 మందినీ అడగండి. మానేసి వెళ్లినవారికి ఫోన్ చేయండి. తేలిన సంగతి ముందు వారికే వెళ్లి చెప్పండి. జవాబు ఇచ్చినవారి పేరు మాత్రం ఎన్నడూ బయటపెట్టకండి, దానివల్ల ఒకరి ఉద్యోగం పోతుంది.

చివరిగా అందరికీ ఒక చిన్న పని. ఈసారి మీ ఆఫీసు నుంచి "మీ అభిప్రాయం మాకు ముఖ్యం" అని లింకు వచ్చినప్పుడు నింపండి, నిజం నింపండి. నింపాక తలెత్తి చూడండి. మీ ఫ్లోరు తుడిచే అక్క ఎదురుగా ఉంటుంది. ఆమెకు ఆ లింకు వచ్చిందా అని మీ మేనేజర్‌ను అడగండి. ఆ తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి, పని ఎలా ఉందక్కా అని అడిగి, ఆమె "బాగానే ఉంది" అన్నాక కూడా కాసేపు అక్కడే నిలబడండి.

పేరుపేరునా మనల్ని ఎరిగిన దేవుడు మీ చదువులను, మీ ఉద్యోగాలను దీవించును గాక. ఆమేన్.